చిన్నాకు, స్టిల్ట్ అంతస్తు లెక్క గురించి

చిన్నా,

పటమటలో సొంతంగా డిజైన్ ఆఫీసు తెరిచావనీ, మొదటి పనే మొగల్రాజపురంలో స్టిల్ట్ పార్కింగ్ (గోడలు లేకుండా కాలమ్‌ల మీదే నిలిచే కింది అంతస్తు) మీద అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ అనీ మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. ఎంత పొంగిపోయానో! కానీ స్టిల్ట్ అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. అందుకే ఈ ఉత్తరం.

గ్రిడ్ గీయడం, లోడ్లు వేయడం నీకు నేను చెప్పక్కర్లేదు. కాంక్రీటు పగుళ్లిస్తుంది కాబట్టి లెక్కలో కాలమ్‌ల జడత్వం (వంగకుండా నిలిచే గుణం) 0.70 వంతు, బీములది 0.35 వంతు తీసుకోవడం మరవకు.

అంతస్తు స్టిఫ్‌నెస్ (పక్కకు కదలనివ్వని బిగువు) పట్టిక దగ్గర మాత్రం నిదానించు. మనం లెక్కకు వాడే సాఫ్ట్‌వేర్ ఈటాబ్స్ ఒక్కో కాలమ్ స్టిఫ్‌నెస్ తీసి కూడి ఆ అంకె ఇవ్వదు. భవనం మొత్తాన్ని లోడు కింద సాధించి, అంతస్తు షియర్‌ను (ఆ అంతస్తు మీద పడే పక్క బలాన్ని) ఆ అంతస్తు డ్రిఫ్ట్‌తో (కింది అంతస్తుతో పోలిస్తే పక్కకు జరిగిన దూరంతో) భాగిస్తుంది. లోడు తీరు మారితే అంకె మారుతుంది. స్పెక్ట్రమ్ కేసు అనే భూకంప లెక్కలో వచ్చేవి మోడ్‌లను (భవనం ఊగే ఒక్కో తీరును) కలిపిన గరిష్ఠాలు, అన్నీ ఒకే క్షణానివి కావు. రెండు అంతస్తుల గరిష్ఠ కదలికలను తీసివేస్తే డ్రిఫ్ట్ రాదు. పోల్చి చూడడానికి స్టాటిక్ (నిలకడగా తోసే) భూకంప లోడునే వాడు, ఎక్స్, వై దిశలు విడివిడిగా.

ఇక అసలు సంగతి. గుంటూరులో నేను పనిచేసిన ఆఫీసులో అరండల్‌పేట స్టిల్ట్ భవనం ఒకటి డిజైన్ చేశారు. పెద్ద ఇంజినీరు గోడలను బీముల మీద బరువుగా మాత్రమే వేశారు. పట్టికలో అన్నిటికన్నా కింది అంతస్తే గట్టిదని వచ్చింది. రాదా మరి? కాలమ్ అడుగులు పునాదిలో బిగించి ఉన్నాయి, లెక్కలో పైన గోడలే లేవు. కంప్యూటర్ తనకిచ్చిన భవనానికి సరిగానే లెక్క చెప్పింది. జనం కాపురం ఉండబోయే భవనం వేరు. అందులో పై అంతస్తుల ఇటుక గోడలు ఫ్రేముల్లో ఐమూల దన్నులా పనిచేస్తాయి, పైభాగమంతా ఒకే పెట్టెలా కదులుతుంది, వంగే భారమంతా పార్కింగ్ కాలమ్‌ల మీద పడుతుంది.

2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చింది. కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో స్టిల్ట్ అపార్ట్‌మెంట్లు కూలిపోయాయి. పేపర్లో ఆ ఫోటోలు చూసి మేం అరండల్‌పేట ఫైలు బయటికి తీశాం. అప్పటికే అందులో మీ అమ్మ స్నేహితురాలు చంటిపిల్లతో కాపురం ఉంటోంది. ఆ తరువాత కాలమ్‌లకు జాకెటింగ్ చేసి (చుట్టూ గట్టి తొడుగు వేసి), పార్కింగ్‌లో కాంక్రీటు గోడలు కట్టేదాకా నాకు కంటి నిండా నిద్ర లేదు.

అందుకని రెండు మోడళ్లు చెయ్యి, గోడలు లేకుండా ఒకటి, గోడలకు ఐమూల స్ట్రట్‌లు (దన్నులు) పెట్టి ఒకటి. భూకంప డిజైన్ నియమావళి ఐఎస్ 1893 పాత 2002 ప్రతి, కింది అంతస్తు స్టిఫ్‌నెస్ పై అంతస్తుదానిలో 70 శాతం దాకా తగ్గినా ఊరుకునేది. 2016 ప్రతి ప్రకారం పై అంతస్తు కన్నా తక్కువైతే చాలు, అది సాఫ్ట్ స్టోరీయే (బిగువు చాలని అంతస్తే). ఆ ప్రతిలోని భూకంప పటంలో విజయవాడ జోన్ 3లో (ఓ మోస్తరు ముప్పు ప్రాంతంలో) ఉంది, మనకెందుకులే అనుకోవద్దు.

పార్కింగ్ ఇంకో రెండడుగులు ఎత్తు పెంచమని యజమాని అడుగుతాడు, చూడు. రెండు చివరలూ బిగించిన కాలమ్ మూడు మీటర్ల నుంచి 3.6కు పెరిగితే స్టిఫ్‌నెస్ దాదాపు 42 శాతం పోతుంది, ఎత్తు ఘనంతో తగ్గుతుంది కాబట్టి. కారు తిరగదు, షియర్ వాల్ (పక్క బలాన్ని తట్టుకునే కాంక్రీటు గోడ) తీసెయ్యమనీ అంటాడు. మొహమాటపడి తలూపావో, నేనే వచ్చి మాట్లాడతాను. పని పోతే పోనీ, అద్దె నేను సర్దుతాను.

ఆదివారం బ్రాడీపేట రా. రెండు మోడళ్ల పట్టికలూ ప్రింటు తీసి పట్టుకురా, కూర్చుని ఒక్కో అంతస్తూ చూద్దాం.

పెద్దమ్మ