తడి చెత్త నుంచి ఆయిల్ తీసే చదువు చదువుతానంటోంది, ఏ కోర్సులో చేర్చాలి?

ఏలూరు నుంచి ఒక తండ్రి రాశారు. వాళ్ళమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. నాచునీ మురుగు బురదనీ వేడి నీళ్ళతో క్రూడాయిల్‌లా మార్చే వీడియో చూసి, సీఎస్ఈ వద్దు, నేను ఇదే చేస్తాను అని పట్టుబట్టిందట. ఈలోపు ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు రెన్యువబుల్ ఎనర్జీ పేరుతో బీటెక్ ఉంది రమ్మంటున్నారట. ఇది నిజంగా ఉన్న సబ్జెక్టేనా, ఉద్యోగాలు ఉంటాయా, ఏ కోర్సు మంచిది, చివరికి అమెరికా పంపాల్సి వస్తుందా అని అడుగుతున్నారు.

సార్, ఉన్న సబ్జెక్టే, అందులో అనుమానం పెట్టుకోకండి. దీన్ని హైడ్రోథర్మల్ లిక్విఫాక్షన్ అంటారు, పని చేసేవాళ్ళు పొట్టిగా హెచ్‌టీఎల్ అంటారు. మీ అమ్మాయి కెమిస్ట్రీలో క్రిటికల్ టెంపరేచర్ చదివే ఉంటుంది, అంటే అది దాటితే ఎంత ఒత్తిడి పెట్టినా ద్రవంగా ఉండనంత వేడి. నీళ్ళకి అది 374 డిగ్రీలు, అక్కడ ఒత్తిడి దాదాపు 221 బార్ (ఒక బార్ అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి). దానికి కొంచెం కిందే, 300 నుంచి 350 డిగ్రీల మధ్య, ఆవిరి కానివ్వకుండా ఒత్తిడితో పట్టి ఉంచితే నీళ్ళ స్వభావమే మారిపోతుంది. మామూలుగా నూనెతో కలవని నీళ్ళు అక్కడ నూనెల్ని కరిగించుకుంటాయి, కొవ్వుల్నీ ప్రోటీన్లనీ పిండిపదార్థాల్నీ ముక్కలు చేస్తాయి. ఇంట్లో కుక్కర్ 120 డిగ్రీల దగ్గర పప్పుకి చేసేది, ఇది అంతకంటే ఎన్నో రెట్లు ఒత్తిడిలో చెత్తకి చేస్తుంది. గంటలోపే చిక్కటి నల్లటి నూనె వస్తుంది, దాన్నే బయోక్రూడ్ అంటారు. దాంతోపాటు కొంత గ్యాస్, కొంత బూడిద లాంటి ఘనపదార్థం, బోలెడు మురికి నీళ్ళు కూడా వస్తాయి.

దీని గొప్పతనమంతా ఎండబెట్టాల్సిన పని లేకపోవడంలో ఉంది. గది వేడిలో ఉన్న నీళ్ళని మరిగే దాకా తేవడానికి పట్టే వేడికి ఏడు రెట్లు పడుతుంది, అవే నీళ్ళని పూర్తిగా ఆవిరి చెయ్యాలంటే. మురుగు బురదా నాచూ ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి ఎండబెట్టి కాల్చాలంటే వచ్చే శక్తి చాలావరకు అక్కడే పోతుంది. హెచ్‌టీఎల్‌లో నీళ్ళు నీళ్ళగానే ఉంటాయి, బయటికొచ్చే వేడిని లోపలికెళ్ళే బురదకి మళ్ళీ ఇవ్వొచ్చు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ ల్యాబ్ 2013లో నాచుతో గంటలోపే క్రూడ్ తీశామని ప్రకటించింది, అందులో వాడిన నాచు ముద్దలో 80 నుంచి 90 శాతం నీళ్ళే. మీ అమ్మాయి చూసిన వీడియో బహుశా దాని గురించే అయ్యుంటుంది.

అయితే ఆ ప్రకటన వచ్చి ఇన్నేళ్ళయినా పెట్రోలు బంకులో నాచు నూనె ఎందుకు లేదో ఆమె చేత ఆలోచింపజెయ్యండి, ఎందుకంటే ఆమె కెరీర్ అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. నూనె తియ్యడం కష్టం కాదు. చిక్కటి బురదని 200 బార్ ఒత్తిడికి ఆగకుండా పంపు చెయ్యడం కష్టం, ఉప్పులు పేరుకుని పైపులు మూసుకుపోతాయి, లోహం తుప్పు పట్టిపోతుంది. నాచులో ప్రోటీన్ ఎక్కువ కాబట్టి నూనెలోకి నైట్రోజన్ చేరుతుంది, అది రిఫైనరీలో క్యాటలిస్టుల్ని, అంటే రసాయన చర్యని వేగం చేసే పదార్థాల్ని, దెబ్బతీస్తుంది, కాబట్టి హైడ్రోజన్‌తో శుభ్రం చెయ్యాలి, దానికి ఖర్చు. మిగిలిన మురికి నీళ్ళలో అమ్మోనియా, కరిగిన కార్బన్ ఉంటాయి, వాటిని ఊరికే కాలువలోకి వదలలేం. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది నాచు పెంచే ఖర్చు. అందుకే నా లెక్కలో ముందు నిలబడేది మురుగు బురద, అది రోజూ వస్తూనే ఉంటుంది, వదిలించుకోవడానికే మున్సిపాలిటీలు డబ్బు పెడుతున్నాయి. కెనడాలో వాంకూవర్ ప్రాంతపు స్థానిక సంస్థ మెట్రో వాంకూవర్ వాళ్ళు తమ మురుగునీటి శుద్ధి కేంద్రంలో దీన్ని పెట్టే ప్రయత్నం మొదలుపెట్టింది కూడా అందుకే.

ఇప్పుడు కోర్సు. నేను చెప్పిన ఇబ్బందులు మళ్ళీ చదవండి: పంపులు, వేడి మార్పిడి, క్యాటలిస్టులు, వేరుచెయ్యడం. ఇవన్నీ కెమికల్ ఇంజనీరింగే. అందుకని బీటెక్‌లో కెమికల్ తప్ప ఇంకేదీ వద్దు. రెన్యువబుల్ ఎనర్జీ అనే పేరు బావుంటుంది కానీ, రేపు రిఫైనరీ వాళ్ళో ఫార్మా వాళ్ళో నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు కెమికల్ అని ఉంటే ఆ డిగ్రీతో అప్లై చెయ్యగలమో లేదో అన్న భయం మీ అమ్మాయికి ఎందుకు? పద్దెనిమిదేళ్ళకే ఒక్క టెక్నాలజీకి జీవితాన్ని కట్టెయ్యడం నాకు ఇష్టం లేదు. జేఈఈ మెయిన్‌లో ర్యాంకు వస్తే మీ పక్కనే తాడేపల్లిగూడెం నిట్ ఉంది, వరంగల్ నిట్ ఉంది. అడ్వాన్స్‌డ్ ద్వారా అయితే ఐఐటీలతో పాటు విశాఖలో పెట్రోలియం అండ్ ఎనర్జీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 2016లో మొదలైంది, అక్కడ కెమికల్ కూడా ఉంది. ఈఏపీసెట్ ద్వారా ఆంధ్రా యూనివర్సిటీ, అనంతపురం జేఎన్‌టీయూ చూడండి.

ఉద్యోగాల సంగతి సూటిగా చెప్తాను. హెచ్‌టీఎల్ అని బోర్డు పెట్టుకుని మన దేశంలో ఫ్రెషర్లని పెద్ద సంఖ్యలో తీసుకునే కంపెనీలు ఇప్పటికి లేవు. జామ్‌నగర్‌లో రిలయన్స్ నాచు మీదా ఈ పద్ధతి మీదా పని చేసింది, డెహ్రాడూన్‌లో సీఎస్ఐఆర్ పెట్రోలియం సంస్థలో పరిశోధన జరుగుతోంది. దగ్గరి రంగాల్లో మాత్రం పని ఉంది. తడి చెత్త నుంచి గ్యాస్ తీసే ప్లాంట్లు పెరుగుతున్నాయి, హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్లో అక్కడి కేంద్ర రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ టెక్నాలజీతో పెట్టింది అలాంటిదే. విమాన ఇంధనంలో 2027 నుంచి 1 శాతం, 2030కి 5 శాతం పెట్రోలియంది కాని ఇంధనం కలపాలని కేంద్రం అంతర్జాతీయ విమానాలకి లక్ష్యం పెట్టుకుంది. బయోక్రూడ్‌ని శుభ్రం చేసి అలాంటి ఇంధనంగా మార్చే పని రిఫైనరీ మనుషులే చేస్తారు, కాబట్టి రిఫైనరీలో కొన్నేళ్ళు పనిచేసి ఇటు రావడం కూడా మంచి దారే.

హెచ్‌టీఎల్‌లోనే ఉండాలంటే గేట్ రాసి ఎంటెక్, ఆపైన పీహెచ్‌డీ. పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్, జేఆర్ఎఫ్, వస్తే నెలకి 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ వేరే, కాబట్టి ఆ దశలో మీ జేబులోంచి పెట్టాల్సిన పని ఉండదు. కానీ నాలుగేళ్ళ డిగ్రీ, రెండేళ్ళ ఎంటెక్, పీహెచ్‌డీకి ఇంకో ఐదేళ్ళు వేసుకోండి, ఆడపిల్ల పెళ్ళి అని మధ్యలో ఆపించేటట్టయితే ఆ మాట ఇప్పుడే చెప్పెయ్యండి, ఆశ పెట్టి తర్వాత లాగెయ్యకండి.

అడ్మిషన్ల లోపు ఒక పని చెయ్యండి. అనుమతి తీసుకుని ఆమెని ఏదైనా మురుగునీటి శుద్ధి కేంద్రానికి తీసుకెళ్ళి ఒక పూట చూపించండి. వీడియోలో వాసన రాదు కదా. అక్కడ నిలబడి, ఆ బురద ఎక్కడికి పోతుందని ఆమె అడిగితే నమ్మకంగా కెమికల్‌లో చేర్చండి. ముక్కు మూసుకుని బయటికి వచ్చేసినా తప్పేం లేదు, అప్పుడు సీఎస్ఈ గురించి మళ్ళీ మాట్లాడుకుందాం.

ఇక అమెరికా. ఎమ్మెస్ కోసం నలభై లక్షలు లోన్ పెట్టి మాత్రం పంపకండి, ఈ రంగంలో అది తీర్చే జీతాల ఉద్యోగాలు చాలా తక్కువ, అక్కడి నేషనల్ ల్యాబుల్లో విదేశీయులకి షరతులు కూడా ఎక్కువ. స్టైపెండ్ ఇచ్చి తీసుకునే పీహెచ్‌డీ సీటు వస్తే వెళ్ళమనండి, అమెరికానే కానక్కర్లేదు, డెన్మార్క్‌లో ఆల్బోర్గ్ యూనివర్సిటీ, ఆస్ట్రేలియాలో సిడ్నీ యూనివర్సిటీ కూడా ఈ పనికి పేరున్నవే. అదంతా బీటెక్ మూడో ఏడులో ఆలోచించాల్సిన సంగతి, ఇప్పుడు జేఈఈ మీద కూర్చోనివ్వండి.