ఆ ఒక్క రాత్రి గురించే గొడవంతా

మీరు రాసింది చదివానమ్మా. మీవారు పైలట్, బేస్ (ఆయన డ్యూటీ మొదలయ్యే ఎయిర్‌పోర్టు) వేరే ఊళ్ళో, మీరు పిల్లలతో అత్తమామలతో ఇక్కడ. పొద్దున డ్యూటీ ఉంటే ముందు రోజు సాయంత్రమే వెళ్ళిపోతున్నారు, "ఆ రాత్రి ఇంట్లో ఉండి పొద్దున ఫస్ట్ ఫ్లైట్‌కి వెళ్ళొచ్చుగా" అంటే గొడవ, మనమీద ఇష్టం లేకే తొందరగా పోతున్నారేమో అని మీ అనుమానం.

మీ ఒంటరితనం నిజం, దాన్ని కాదనను. కానీ ఆ ఒక్క రాత్రి విషయంలో మాత్రం నేను ఆయన వైపే. బేస్‌కి వెళ్ళడానికి స్టాఫ్‌గా ఆయన ఎక్కేది ఖాళీ సీటు ఉంటేనే, లేదంటే కాక్‌పిట్‌లో జంప్‌సీట్, అంటే పైలట్ల వెనక ఉండే అదనపు సీటు, అదీ వేరే ఎవరైనా ముందే తీసుకుంటే లేదు. ఫస్ట్ ఫ్లైట్ నిండిపోతే రిపోర్టింగ్ టైమ్ తప్పుతుంది, దొరికినా మూడింటికి లేచి వెళ్ళాలి, ఆ పైన డ్యూటీ మొత్తం ఇంకా మిగిలే ఉంటుంది. ఇంటి నుంచి బేస్‌కి చేసే ప్రయాణాన్ని మామూలుగా డ్యూటీగా లెక్కగట్టరు, అంటే ఆ అలసట ఏ కాగితం మీదా కనపడదు. 2009 ఫిబ్రవరిలో అమెరికాలో బఫెలో దగ్గర ఒక విమానం కూలి 50 మంది పోయారు, దాని కో పైలట్ ముందు రాత్రంతా దేశం ఆ చివర నుంచి ఈ చివరకి విమానాల్లో ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చింది. ప్రమాదానికి అదే కారణమని తేల్చలేదు, కానీ ఇద్దరు పైలట్ల పనితీరు మీదా అలసట ప్రభావం ఉండి ఉంటుందనే దర్యాప్తులో చెప్పారు. యూరప్ నిబంధనల్లో అయితే ఇంటి నుంచి బేస్‌కి మామూలుగా 90 నిమిషాలు దాటితే దగ్గర్లో బస చూసుకోమనే సూచన ఉంది. కాబట్టి ఆ రాత్రి ఆయన్ని పంపించండి, అది మిమ్మల్ని వదిలేసి పోవడం కాదు.

మిగతా విషయాల్లో మాత్రం అడగాల్సింది మీరే, గట్టిగా అడగండి. మొదటి రోజు ఆలస్యంగా మొదలై చివరి రోజు తొందరగా అయిపోయే ట్రిప్పులకి బిడ్ చేస్తున్నారా (అంటే అవి కావాలని కంపెనీని కోరుతున్నారా) లేక డబ్బులు ఎక్కువ వచ్చేవాటికా? స్టాండ్‌బైలో, అంటే పిలిస్తే వెళ్ళడానికి సిద్ధంగా ఉండే డ్యూటీలో, ఉన్నారా? అయితే కష్టం, ఫోన్ వస్తే తక్కువ టైమ్‌లో చేరాలి కాబట్టి పని లేకపోయినా బేస్‌లోనే కూర్చోవాలి, సీనియారిటీ వచ్చేదాకా అది తప్పదు. డ్యూటీల పట్టిక రోస్టర్‌లో ఆఫ్ అని ఉన్న రోజులు కాకుండా ఆయన మీ ఇంట్లో నిద్ర లేచిన రోజులు రెండు మూడు నెలలు ఇద్దరూ కలిసి రాసుకోండి, అప్పుడు వాదించడానికి ఏమీ మిగలదు, ఎవరికైనా కనపడుతుంది.

బేస్‌కి మారిపోదామా అంటారా, కెప్టెన్ అప్‌గ్రేడ్ (కో పైలట్ నుంచి కెప్టెన్‌గా ప్రమోషన్) దగ్గర్లో ఉంటే ఆగండి. అప్‌గ్రేడ్ అయితే కెప్టెన్లలో మళ్ళీ జూనియర్, మళ్ళీ స్టాండ్‌బై, ఒక్కోసారి బేస్ కూడా మారుతుంది, పిల్లల్ని స్కూల్ మార్పించాక అలా అయితే ఇంకా బాధ. అప్‌గ్రేడ్ ఇంకా దూరంలో ఉండి, ఇంట్లో లేచిన రోజులు మరీ తక్కువొస్తే మాత్రం మారిపోవడమే మంచిది, అత్తమామలకి ఆయనే చెప్పాలి, మీరు కాదు.

ఇంకోటి, ఆయన ఒంట్లో బాలేదనో నిద్ర చాలలేదనో డ్యూటీ వద్దని చెప్తే డబ్బులు తగ్గుతాయని అనకండి. ఈ మాటలన్నీ ఆయన వచ్చిన రోజు కాదు, ఒక పూట బాగా పడుకున్నాక మొదలుపెట్టండి, వెళ్ళే సాయంత్రం అసలే వద్దు.