ఏడాది ఉద్యోగమే, అప్లై చేయొచ్చా?

ప్రశ్న: బోస్టన్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) చేస్తున్నాను. ఒహాయోలో ఒక లిబరల్ ఆర్ట్స్ కాలేజీ (ప్రధానంగా డిగ్రీ పాఠాలు చెప్పే చిన్న కాలేజీ) బయాలజీకి విజిటింగ్ అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటోంది. ఒక్క ఏడాదికే. అప్లై చేయమంటారా? - ఒక పాఠకురాలు

జవాబు: చేయండమ్మా. అయితే ఆ ఖాళీ ఎందుకొచ్చిందో కనుక్కోండి. సాధారణంగా పర్మనెంట్ ప్రొఫెసర్ సబాటికల్ (పరిశోధన కోసం ఇచ్చే సుదీర్ఘ సెలవు) మీద వెళ్తే ఇలాంటి పోస్టు పుడుతుంది. ఆయన తిరిగొస్తే మీరు పెట్టె సర్దుకోవాల్సిందే. ప్రకటనలో 'పొడిగించే అవకాశం' అని ఉన్నా దాని మీద ఆశ పెట్టుకోకండి.

అలాంటి కాలేజీలో జెనెటిక్స్ చెప్పాను, సెలక్షన్ కమిటీల్లోనూ కూర్చున్నాను. వచ్చే అప్లికేషన్ లెటర్లు చాలావరకు ఒకటే తంతు: పేజీ నిండా ఎలుక మెదడు మీద తమ పరిశోధన, ఆఖరి వాక్యంలో 'పాఠం చెప్పడమంటే నాకెంతో ఇష్టం'. వాటిని పక్కన పెట్టేసేవాళ్లం. మాకు కావాల్సింది ఆగస్టులో దిగి, ఫస్టియర్ బయాలజీ చెప్పి, ల్యాబ్ నడిపే మనిషి. అక్కడ సాయానికి పీహెచ్‌డీ విద్యార్థులుండరు. రిపోర్టులు దిద్దడం మీ పనే. చాలాచోట్ల సూక్ష్మజీవుల్ని పెంచే అగార్ ప్లేట్లు పోయడం, ప్రయోగాలకు పెంచే పండు ఈగల సీసాలు మార్చడం కూడా మీ నెత్తినే పడతాయి. మీరు చెప్పాల్సిన కోర్సుల లెక్కలో మూడు గంటల ల్యాబ్‌ను పూర్తి కోర్సుగా లెక్కేస్తారా, సగంగానా? జీతం కన్నా ముందు ఇది అడగండి.

చిన్న కాలేజీ కదా అని చులకన వద్దు. జన్యువుల్ని కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతికి 2020లో నోబెల్ అందుకున్న జెన్నిఫర్ డౌడ్నా డిగ్రీ చదివింది ఇలాంటి లిబరల్ ఆర్ట్స్ కాలేజీ పొమోనాలోనే.

ఇక వీసా. లాభాపేక్ష లేని ఇలాంటి కాలేజీలకు హెచ్‌-1బీ (అమెరికా ఉద్యోగ వీసా) లాటరీ బెడద లేదు. కానీ ఏడాది పోస్టుకు స్పాన్సర్ చేయడానికి అందరూ ఒప్పుకోరు. ఇంటర్వ్యూకి పిలవగానే హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.