సమాధానం: డైనమోడీబీలో ఏజెంటు సంభాషణ దాచేటప్పుడు వచ్చే ఫ్లోట్ దోషం

పైడాంటిక్ ఏఐ (పైథాన్‌లో ఏఐ ఏజెంట్లు కట్టే లైబ్రరీ) సంభాషణను డిక్షనరీగా మార్చి డైనమోడీబీలో (అమెజాన్ డేటాబేస్) రాయబోతే ఫ్లోట్ (దశాంశ సంఖ్య) రకం చెల్లదంటూ దోషం వస్తోందని అడిగారు. తప్పు మీ ఏజెంటుది కాదు. అమెజాన్ సేవలను పైథాన్ నుంచి వాడే లైబ్రరీ బోటో3. అందులోని టేబుల్ ఆబ్జెక్టు పైథాన్ ఫ్లోట్‌ను తీసుకోదు, డెసిమల్ అనే మరో సంఖ్యా రకం కావాలంటుంది. చదివేటప్పుడూ సంఖ్యలు డెసిమల్‌గానే తిరిగి వస్తాయి. దయచేసి ఒక్కో విలువను మారుస్తూ కూర్చోకండి. ఆ పనికి అంతుండదు.

సందేశాలను విడదీయకుండా దాచండి. ప్రతి రన్ (ఏజెంటును ఒకసారి నడపడం) ముగిశాక ఫలితంపై ‘న్యూ_మెసేజెస్_జేసన్’ పిలిస్తే ఆ రన్‌లోని సందేశాలు జేసన్ బైట్లుగా వస్తాయి. వాటిని డీకోడ్ చేసి ఒకే స్ట్రింగ్‌గా రాయండి. తిరిగి చదివాక ‘మోడల్‌మెసేజెస్‌టైప్‌అడాప్టర్’కు చెందిన ‘వాలిడేట్_జేసన్’కు ఇస్తే రకాల తనిఖీ అక్కడే జరిగిపోతుంది. వచ్చిన జాబితాలను వరుసగా కలిపి ‘మెసేజ్_హిస్టరీ’గా పంపితే చాలు.

మొత్తం చరిత్రను ఒకే ఐటమ్‌లో (టేబుల్‌లోని ఒక వరుస) పెట్టవద్దు. ఐటమ్ పరిమితి 400 కిలోబైట్లు, గుణాల పేర్లు కూడా అందులోకే వస్తాయి. టూల్ (మోడల్ పిలిచే ఫంక్షన్) జవాబులు పెద్దవైతే అది తొందరగానే నిండుతుంది. సంభాషణ ఐడీని పార్టిషన్ కీగా (ఐటమ్‌లను గుంపు చేసే కీ), సమయాన్ని సార్ట్ కీగా (గుంపులో వరుస నిర్ణయించే కీ) పెట్టి రన్‌కు ఒక ఐటమ్ రాయండి. క్వెరీ ఒక విడతలో 1 మెగాబైటు వరకే చదువుతుంది కనుక జవాబులో ‘లాస్ట్‌ఇవాల్యుయేటెడ్‌కీ’ (చదవడం ఎక్కడ ఆగిందో చెప్పే గుర్తు) ఉన్నంతవరకు దాన్ని ఇచ్చి మళ్లీ అడగాలి.

మీరు అడగని మాట ఒకటి, కానీ చెప్పక తప్పదు. మీ కోడ్‌లో వాడుకరి ఐడీ టూల్ ఆర్గ్యుమెంటుగా ఉంది. అంటే దాన్ని నింపేది మోడల్. పొరపాటున వేరొకరి ఐడీ నింపితే వారి సమాచారం బయటపడుతుంది. టేబుల్‌నూ ఐడీనీ ఒక డేటాక్లాసులో పెట్టి ‘డెప్స్_టైప్’గా ప్రకటించండి, టూల్‌లో ‘రన్‌కాంటెక్స్ట్’ ద్వారా తీసుకోండి. అప్పుడు ఐడీని ఇచ్చేది మీ కోడ్, మోడల్ కాదు. ముందు ఈ మార్పు చేయండి.