ఎర్ర హెచ్చరిక మూసేసి మందు రాశారు, ఇవ్వొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు గుండె కవాటం మార్చి ఆరేళ్లయింది, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడుతోంది. చిగుళ్లు వాచాయని ఆసుపత్రికి తీసుకెళ్తే, కంప్యూటర్‌లో మందులు ఎక్కిస్తుండగా తెర మీద ఎర్రగా ఏదో హెచ్చరిక వచ్చింది. డాక్టర్ దాన్ని మూసేసి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాశారు. అడగడానికి మొహమాటపడ్డాను, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీకు విడిగా వెంటనే చెప్పేశాను, ఇంట్లో వార్ఫరిన్ వాడేవాళ్లున్న మిగతా పాఠకుల కోసం మళ్లీ రాస్తున్నాను. ఆ హెచ్చరిక వట్టిది కాదమ్మా. మెట్రోనిడజోల్ పడితే కాలేయం వార్ఫరిన్‌ను ఎప్పటిలా విరగ్గొట్టలేదు, అది ఒంట్లో పేరుకుని రక్తం మరీ పల్చబడుతుంది. అలాగని అస్సలు ఇవ్వకూడదనీ కాదు, తప్పనిసరైతే వార్ఫరిన్ డోసు సరిచేసి, కొద్ది రోజుల్లోనే, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించి చూస్తాం. అందుకే ఇలాంటప్పుడు అదే రోజు ఫోన్ చేసి "అమ్మ వార్ఫరిన్ వాడుతోందండీ, అది చూసే రాశారా, ఐఎన్‌ఆర్ ఎప్పుడు చేయించాలి?" అని అడగండి. మీ అంతట మీరు వార్ఫరిన్ ఆపొద్దు, కవాటం మీద రక్తం గడ్డకడితే ప్రాణం మీదికొస్తుంది. మలం నల్లగా వచ్చినా, ఎక్కడైనా రక్తం ఆగకపోయినా సరాసరి ఆసుపత్రికే.

ఆ డాక్టర్ మనసులో ఏముందో నాకు తెలీదు గానీ, హెచ్చరికలు మూసేయడం మాలో చాలా మామూలు. మందుల హెచ్చరికల్లో 49 నుంచి 96 శాతం దాకా డాక్టర్లు దాటేసి పోతున్నారని 2006లో ఒక సమీక్ష తేల్చింది. ప్రతి చిన్నదానికీ ఒకటి వస్తుంటే, ఓపీ బయట అరవై మంది కూర్చుని ఉంటే, చదవకముందే వేలు మూసేసే గుర్తు మీదికి పోతుంది. నాకూ పోయింది, అందుకే భయపడుతున్నాను. నన్నడిగితే తప్పు ఎక్కువగా ఆ సాఫ్ట్‌వేర్‌దే. బోస్టన్‌లో రెండు ఆసుపత్రులను పోల్చి 2009లో రాశారు: హెచ్చరికలను తీవ్రతను బట్టి విడదీసి, అతి ప్రమాదమైనవాటిని దాటి పోయే వీల్లేకుండా చేసినచోట డాక్టర్లు వాటన్నిటికీ ఆగారు, అన్నీ ఒకేలా చూపించినచోట మూడోవంతుకే ఆగారు. ఇప్పుడు ఏఐ వస్తోంది కదా అంటారేమో, మిషిగన్‌లో సెప్సిస్‌ను (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితిని) ముందే పట్టే ఒక ప్రోగ్రామ్‌ను పరీక్షిస్తే ప్రతి వంద అడ్మిషన్లలో 18 సార్లు మోగి కూడా, సెప్సిస్ వచ్చినవాళ్లలో 67 శాతం మందిని పట్టుకోలేకపోయింది.

ఇంకొకటి, మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో కొనుక్కునే మాత్రలూ ఆకు మందులూ ఆ కంప్యూటర్‌కు తెలియవు. అమ్మ వేసుకునేవన్నీ ఒక చీటీ మీద రాసి, వార్ఫరిన్ పేరు అన్నిటికన్నా పైన పెట్టి, డాక్టర్ మందులు ఎక్కించకముందే ఆయన చేతికివ్వండి.