బొమ్మలకు సరే అన్నాను, టీషర్టులకు అనలేదు

ప్రశ్న: మాది హనుమకొండ. 2021 లాక్‌డౌన్‌లో మా పాపకు రాత్రిళ్లు కథలు చెబుతూ ‘పిట్టక్క’ను గీశాను. లంగా జాకెట్ వేసుకున్న పాలపిట్ట. రెక్క ముడిస్తే మట్టిరంగు, విప్పితే లోపలంతా నీలం. పదిహేను కథలకు బొమ్మలు వేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. కరీంనగర్‌లో పిల్లల బట్టలు, మెత్తటి బొమ్మల వ్యాపారం చేసే ఒకాయన మా ఆయనకు వరుసకు చిన్నాయన. నేను మామయ్యా అని పిలుస్తాను. 2023 దసరాకు పిట్టక్కను కుట్టిస్తానంటే సంతోషంగా కటింగ్ పేపర్లు కూడా నేనే గీసిచ్చాను. 300 బొమ్మలు అమ్ముడయ్యాయి, నాకు 6,000 ఫోన్‌పే చేశారు. 2024 సంక్రాంతి నుంచి నాకు చెప్పకుండా వేలల్లో కుట్టిస్తున్నారు. ఇప్పుడు పిట్టక్క టీషర్టులు, గౌన్లు కూడా వచ్చాయి. అడిగితే "6,000 పెట్టి కొనుక్కున్నా" అంటున్నారు. ఒక పెళ్లిలో అందరి ముందూ నన్ను చూసి నవ్వారు. మా పాప దుకాణంలో చూసి "అమ్మా, మన పిట్టక్క" అంటే ఏడుపు ఆగలేదు. చుట్టరికమని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. పాత తేదీ స్టాంపు పేపరు మీద ఒప్పందం రాసుకుంటే కేసు గట్టిగా నిలుస్తుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. గీసిన ట్యాబ్ పాడైతే పాత సామాన్లవాళ్లకు ఇచ్చేశాను. వాట్సాప్ మాటలు పాత ఫోన్‌లో ఉన్నాయి. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: పెళ్లి, నవ్వు, ఏడుపు అన్నీ చదివాను. కోర్టు వాటిని చదవదు. కోర్టు పట్టుకునేది మీరు మాటల మధ్య జారవిడిచిన ఒక్క ముక్కను. మొదటి 300 బొమ్మలు మీ ఇష్టంతోనే కుట్టారు. పైగా "సంతోషంగా" అని కూడా రాశారు. ఆ సంతోషమే మీ కేసును రెండుగా చీల్చింది.

కాపీరైట్ చట్టం, 1957లో 15వ సెక్షన్ అని ఒకటుంది. బొమ్మలు, బట్టలు గీసేవాళ్లలో చాలామంది దాని పేరు వినరు. డిజైన్ల చట్టం, 2000 కింద రిజిస్టర్ చేయించుకోదగ్గ డిజైన్‌ను, అంటే వస్తువుకు ఇచ్చే ఆకారాన్నో దాని మీది నమూనానో, చేయించుకోకుండా వదిలేశారనుకోండి. ఆ డిజైన్‌తో వస్తువు మిషన్ల మీద 50 సార్లకు మించి తయారైతే, ఆ డిజైన్ మీద కాపీరైట్ అక్కడితో సరి. అయితే ఆ తయారీ హక్కుదారు చేసినదో, ఆమె అనుమతితో ఇంకొకరు చేసినదో అయి ఉండాలి. దొంగచాటుగా కుట్టినవి ఈ లెక్కలోకి రావు. మీ మామయ్య మొదటి రోజు నుంచే దొంగతనంగా కుట్టి ఉంటే మీ స్థితి ఇంతకన్నా గట్టిగా ఉండేది. వినడానికి విడ్డూరంగా ఉన్నా చట్టం అదే. మీరు సరే అన్నాక 51వ బొమ్మ మిషన్ దిగిన రోజున, బొమ్మ కోసమే మీరు గీసిచ్చిన ఆకారం మీద మీ పట్టు చాలావరకు జారిపోయింది.

పోనీ ఇప్పుడు డిజైన్ రిజిస్టర్ చేయిస్తానంటారా? కుదరదు. డిజైన్ల చట్టం 4వ సెక్షన్ ప్రకారం దరఖాస్తుకు ముందే లోకానికి తెలిసిపోయిన డిజైన్‌కు రిజిస్ట్రేషన్ లేదు. దసరాకు అమ్ముడైన 300 బొమ్మలే దానికి సాక్ష్యం.

ఇక రెండో ముక్క. మీరు దీన్ని ఫిర్యాదు మధ్యలో పడేశారు, నేనైతే దావాలో మొదటి పేజీలో పెడతాను. టీషర్టులకు, గౌన్లకు మీరు ఎప్పుడూ సరే అనలేదు. వాటి మీద వేసింది మీ కటింగ్ పేపర్‌ను కాదు, 2021లో కథల కోసం గీసిన బొమ్మను. ఆ బొమ్మ పుట్టినప్పుడు దానికి బట్టతో, దూదితో పనిలేదు. అది కళాకృతి. దాని కాపీరైట్ మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. టీషర్టు మీది ప్రింటు కూడా డిజైనే కదా, 50 దాటింది కదా అని అవతలి వకీలు తప్పకుండా అంటాడు. బట్టల మీది నమూనాల విషయంలో ఢిల్లీ హైకోర్టు 2009లో మైక్రోఫైబర్స్ కేసులో అటువైపు మొగ్గింది కూడా. మన జవాబు ఒకటే: మా అనుమతి లేకుండా వేసిన టీషర్టు 50 లెక్కలోకి రాదు. సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో క్రయోగ్యాస్ కేసులో మూల కళాకృతిని, దాన్నుంచి వస్తువు కోసం తీసిన డిజైన్‌ను వేరుగా చూడాలని చెప్పింది. దాన్ని పట్టుకుని మెత్తటి బొమ్మల గురించి కూడా వాదించవచ్చు. కానీ ఆ వాదన మీద మీ డబ్బంతా కాయమని నేను చెప్పను.

"6,000కు కొనుక్కున్నా" అన్న మాటకు భయపడకండి. 19వ సెక్షన్ ప్రకారం కాపీరైట్ బదిలీ కావాలంటే రాత ఉండాలి, మీ సంతకం ఉండాలి. రెండూ లేవు. డబ్బిచ్చి గీయించుకున్న చిత్రం గీయించినవాళ్లదే అవుతుందనే నియమం 17వ సెక్షన్‌లో ఉంది. ఆయన దాన్నీ లాగవచ్చు. కానీ ఆయన మీ గడప తొక్కకముందు రెండేళ్ల నుంచే పిట్టక్క ఉంది. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం మీరు చూడకుండా వదిలేసిన చిన్న లెక్క. 6,000ను 300తో భాగించండి. బొమ్మకు 20 రూపాయలు. డిజైన్ మొత్తం కొనేవాడు బొమ్మల లెక్క కట్టి డబ్బివ్వడు. వాట్సాప్‌లో ‘300’, ‘20’ అన్న అంకెలు ఎక్కడ దొరికినా, ఆ తర్వాత కుట్టిన ప్రతి బొమ్మకూ 20 చొప్పున అడగడానికి దారి ఉంది. కాపీరైట్ జారినా ఒప్పందం జారలేదు.

ఇప్పుడు తిట్టాల్సిన చోట తిడతాను. ట్యాబ్ అమ్మేశానని ఎంత తేలిగ్గా రాశారమ్మా! అందులో ఉన్నవి మామూలు ఫైళ్లు కావు, ఏ తేదీన ఏ గీత గీశారో చెప్పే మీ జన్మపత్రిక. పాత పుస్తకాల కట్ట అమ్మినట్టు దాన్ని తూకానికి అమ్మేశారు. సరే, మిగిలింది చూద్దాం. 2021 నాటి ఇన్‌స్టాగ్రామ్ పోస్టుల మీద తేదీలున్నాయి. ఒక్కటి కూడా తీసేయకండి, కొత్తగా దిద్దకండి. ప్రింటు కోసం ఎవరికైనా ఈమెయిల్‌లో ఫైళ్లు పంపి ఉంటే అవి బంగారం. గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉందేమో వెతకండి. కాగితాల మీది చిత్తు గీతలుంటే ఇనప్పెట్టెలో పెట్టండి. ఫోన్‌లోని సాక్ష్యం కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. 2024 జులై 1 నుంచి దానికి రెండు భాగాలు: ఒకటి మీరు, రెండోది నిపుణుడు నింపాలి. స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి ఫైల్లో గుచ్చితే చాలదు. ఆయన దుకాణంలో ఒక టీషర్టు, ఒక గౌను, ఒక బొమ్మ బిల్లుతో సహా కొనండి. బిల్లు మీద తేదీ లేకపోతే అడిగి వేయించుకోండి.

పాత తేదీ స్టాంపు పేపరు విషయం. ఆ సలహా ఇచ్చినవాళ్లు కోర్టుకు రారు, బోనులో నిలబడేది మీరు. స్టాంపు అమ్మినవాడు పేపరు వెనక నంబరు, తేదీ, కొన్నవాళ్ల పేరు రాస్తాడు, తన రిజిస్టర్లోనూ ఎక్కిస్తాడు. అవతలి వకీలు ఆ రిజిస్టర్ తెప్పించమని ఒక్క దరఖాస్తు వేస్తే చాలు. అంతవరకు మీ పక్షాన ఉన్న నిజమైన ఇన్‌స్టాగ్రామ్ పోస్టుల్ని కూడా జడ్జి అనుమానంతోనే చూస్తారు. పైగా భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద ఫోర్జరీ కేసు మీ మీదే పడుతుంది. మోసం కోసం చేశారని తేలితే ఏడేళ్ల దాకా జైలు. బొమ్మ దొంగిలించినవాడు బయట, గీసినావిడ లోపల! ఆ కాగితం ఇప్పటికే కొని ఉంటే దాని మీద ఒక్క అక్షరం కూడా రాయకండి.

గడువు సంగతి. చుట్టరికమని ఊరుకున్నానంటే లిమిటేషన్ చట్టం, 1963 ఊరుకోదు. కాపీరైట్ ఉల్లంఘన నష్టపరిహారానికైనా, ఒప్పందం తప్పిన డబ్బుకైనా మూడేళ్లే. కొత్తగా అమ్మిన ప్రతి టీషర్టూ కొత్త ఉల్లంఘనే, కాబట్టి కేసు మొత్తం చచ్చిపోదు. కానీ పాతవి ఒక్కొక్కటిగా రాలిపోతూనే ఉంటాయి. 2024 జనవరిలో సంక్రాంతికి వచ్చిన లాట్‌కు 2027 జనవరితో తలుపు మూతపడుతుంది.

పోలీసులంటారా? కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ నేరానికి వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు శిక్ష ఉంది. కానీ ఇప్పుడు స్టేషన్‌కు వెళ్తే "మీదేనని కాగితం చూపించండి" అంటారు. అందుకని కాగితం ముందు. పిట్టక్క మూల చిత్రానికి కాపీరైట్ రిజిస్ట్రేషన్ దరఖాస్తు చేయండి. అది తప్పనిసరి కాదు, కానీ రిజిస్టర్‌లో ఉన్నది ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది. వస్తువుల మీద వాడదగ్గ చిత్రం కాబట్టి రుసుము 2,000, అలాంటి గుర్తు ఇంకెవరి పేరునా లేదని ట్రేడ్‌మార్క్ ఆఫీసు ఇచ్చే సెర్చ్ సర్టిఫికెట్ కూడా కావాలి. ‘పిట్టక్క’ అన్న పేరును కాపీరైట్ కాపాడదు. దానికి ట్రేడ్‌మార్క్ వేయాలి: బొమ్మలకు 28వ తరగతి, బట్టలకు 25. వ్యక్తి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే తరగతికి 4,500. ఆయన ముందే వేశారేమో ఈ వారమే వెతికించండి.

తర్వాత లీగల్ నోటీసు. అందులో రెండు డిమాండ్లు విడివిడిగా రాయించండి: ఒకటి, టీషర్టులు, గౌన్లు ఆపి వాటి లాభాల లెక్క చెప్పాలి; రెండు, బొమ్మలకు 20 రూపాయల చొప్పున బాకీ కట్టాలి. ఆయన దుకాణదారులకు మీరే సొంతంగా బెదిరింపు మెసేజీలు పెట్టకండి. ఆధారం లేని బెదిరింపు అని 60వ సెక్షన్ కింద ఆయనే మీ మీద దావా వేయగలరు. దావాకు కరీంనగర్ వెళ్లనక్కర్లేదు. 62వ సెక్షన్ ప్రకారం మీరుండే చోటి జిల్లా కోర్టులోనే వేయవచ్చు. దావా విలువ 3 లక్షలకు తగ్గకపోతే అది వాణిజ్య వివాదం కిందకు వస్తుంది. అప్పుడు వెంటనే ఆపమనే ఇంజంక్షన్ అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. మీ కేసులో టీషర్టులు ఇంకా అమ్ముతున్నారు కాబట్టి ఇంజంక్షనే అడగండి.

మీరే సొంతంగా బొమ్మలు కుట్టి అమ్ముదామనుకుంటే ఒక మాట. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు మినహాయింపు ఉంది, కుట్టు మిషన్ కొనేముందు మీరు దాని కిందకు వస్తారో లేదో చూసుకోండి. రేపు గీయబోయే కొత్త బొమ్మను మాత్రం డిజైన్ రిజిస్ట్రేషన్ దరఖాస్తు వేసేదాకా ఇన్‌స్టాగ్రామ్‌లోనే కాదు, ఇంటికొచ్చిన మామయ్యలకు కూడా చూపించకండి.

ఈలోగా ఆ పాత ఫోన్ పాప ఆటలకు ఇచ్చి ఉంటే ఈ సాయంత్రమే తీసి చార్జింగ్ పెట్టి పక్కన ఉంచండి. దాన్ని ఫార్మాట్ చేయించవద్దు, రిపేరుకు ఇవ్వవద్దు.