సర్వర్ గది సందేహాలు: హోస్టును ఎప్పుడంటే అప్పుడు ఖాళీ చేయగలగాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వర్చువల్ మెషీన్ల (ఒక సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే కంప్యూటర్ల) గురించి కాక, వాటిని మోసే భౌతిక సర్వర్ల గురించే ఉన్నాయి. వర్చువలైజేషన్ పరిభాషలో ఈ భౌతిక సర్వర్‌ను హోస్ట్ అనీ, క్లస్టర్‌లో, అంటే కలిసి పనిచేసే సర్వర్ల సమూహంలో, చేరినప్పుడు నోడ్ అనీ అంటాము. వేరువేరు ఊళ్ల నుంచి వచ్చిన ఐదు ప్రశ్నలను ఒకే చోట చేర్చడానికి కారణం, వాటన్నిటి అడుగున ఉన్న చిక్కు ఒకటే కావడం: అవసరమైనప్పుడు హోస్టును ఖాళీ చేయలేకపోవడం.

ప్రశ్న: మాది ఒక డిగ్రీ కాలేజీ. 128 జీబీ మెమరీ గల రెండు సర్వర్లతో ప్రాక్స్‌మాక్స్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) క్లస్టర్ నడుపుతున్నాము. మొదటి దానిపై ఉన్న వర్చువల్ మెషీన్లకు మొత్తం 95 జీబీ, రెండో దానిపై ఉన్నవాటికి 80 జీబీ కేటాయించాము. గత నెల మొదటి సర్వర్ పవర్ సప్లై కాలిపోయింది. రెండోది చక్కగా పనిచేస్తూనే ఉంది కానీ, దానిమీద ఆపి ఉంచిన ఒక మెషీన్‌ను స్టార్ట్ చేయబోతే కోరం (నిర్ణయానికి కావలసినన్ని ఓట్లు) లేదని నిరాకరించింది. ఒకటి పోతే మరొకటి ఆదుకోవాలనే కదా రెండు కొన్నది? — ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ ఆవేదన న్యాయమైనదే, కానీ ఆ నిరాకరణ మీ డేటాను కాపాడడానికి ఏర్పరచినది. ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్‌లో కోరోసింక్ అనే సేవ ప్రతి నోడ్‌కూ ఒక ఓటు ఇస్తుంది, మొత్తం ఓట్లలో సగానికి మించి చేతిలో ఉన్న పక్షానికే మార్పులు చేసే అధికారం ఉంటుంది. రెండు ఓట్లలో సగానికి మించడమంటే రెండూ ఉండడమే. అవతలి సర్వర్ నిజంగా ఆగిపోయిందో, లేక మధ్యనున్న కేబుల్ మాత్రమే ఊడిందో ఇవతలి సర్వర్‌కు తెలిసే దారి లేదు. కేబుల్ ఊడిన సందర్భంలో రెండు సర్వర్లూ తామే మిగిలామనుకుని ఒకే డిస్క్ మీద ఒకే మెషీన్‌ను నడిపితే, ఒకే ఖాతా పుస్తకంలో ఇద్దరు గుమాస్తాలు ఒకరికి తెలియకుండా ఒకరు పద్దులు రాసినట్లు అవుతుంది, ఆ ఫైల్ సిస్టమ్‌ను తరువాత బాగుచేయడం దాదాపు అసాధ్యం. అందుకే కోరం పోగానే క్లస్టర్ కాన్ఫిగరేషన్ ఉండే డైరెక్టరీ చదవడానికి మాత్రమే వీలయ్యే స్థితికి వెళుతుంది. అప్పటికే నడుస్తున్న మెషీన్లు నడుస్తూనే ఉంటాయి, కొత్తగా ఏదీ మొదలుకాదు. మీరు హై అవైలబిలిటీని (ఒక నోడ్ పడిపోతే దాని మెషీన్లను మరో నోడ్ మీద తానే మొదలుపెట్టే ఏర్పాటును) వాడుతూ ఉంటే పరిస్థితి ఇంకా కఠినంగా ఉండేది. ఆ ఏర్పాటులో కోరం కోల్పోయిన నోడ్, తనపై హై అవైలబిలిటీ మెషీన్లు ఉంటే, వాచ్‌డాగ్ టైమర్ ద్వారా సుమారు ఒక నిమిషంలో తనను తానే రీబూట్ చేసుకుంటుంది, అంటే బాగున్న సర్వర్ కూడా పడిపోతుంది.

దీనికి మందు మూడో ఓటు. మూడో సర్వర్ కొనే స్తోమత లేకపోతే క్యూడివైస్ అనే ఏర్పాటు చాలు. డెబియన్ లైనక్స్ ఎక్కించిన ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ మీద కూడా ఈ ఓటు సేవ నడుస్తుంది, అది మరో గదిలో ఉన్నా, మరో భవనంలో ఉన్నా ఫరవాలేదు. అయితే ఈ రెండు సర్వర్లలోనే ఒక వర్చువల్ మెషీన్‌గా మాత్రం దాన్ని పెట్టకండి, ఆ సర్వర్ పోయిన రోజున దాని ఓటుతో పాటు ఈ ఓటు కూడా పోతుంది. అత్యవసరంలో ఒక ఓటుతోనే సరిపెట్టుకోమని క్లస్టర్‌కు చెప్పే ఆదేశం ఉంది కానీ, అవతలి సర్వర్ దగ్గరకు నడిచి వెళ్లి, ఆగిందని కళ్లారా చూసి, పవర్ కేబుల్ ఊడదీసిన తరువాతే దాన్ని వాడాలి.

ఇక మీ ఉత్తరంలో మీరు అడగని మరో విషయం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. క్యూడివైస్ పెట్టినా మీ రెండో సర్వర్ మొదటి దాన్ని ఆదుకోలేదు. 95కు 80 కలిపితే 175 జీబీ, మీ దగ్గర మిగిలే సర్వర్‌లో ఉన్నది 128. అందులో కొంత హోస్ట్ తన కోసం ఉంచుకోవాలి. డిస్కులకు జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడుతూ ఉంటే దాని కాషె (తరచూ చదివే డేటాను మెమరీలో ఉంచే చోటు) మరికొంత తీసుకుంటుంది. ప్రాక్స్‌మాక్స్ 8.1 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన సర్వర్లలో ఈ కాషెకు మొత్తం మెమరీలో 10 శాతం, గరిష్ఠంగా 16 జీబీ అని పరిమితి పెడుతున్నారు. అంతకుముందు ఇన్‌స్టాల్ చేసి అప్‌గ్రేడ్ చేస్తూ వచ్చినవాటిలో, ఎవరూ మార్చకపోతే, అది సగం మెమరీ వరకు పెరగగలదు. కాబట్టి ముందు ఆ పరిమితిని చూసి సరిచేయండి. ఆ తరువాత కూడా మీకు ఒక హోస్ట్ మీద నమ్మకంగా వాడుకోవడానికి మిగిలేది సుమారు 105 జీబీ మాత్రమే. అంతకుమించి ఎక్కిస్తే, మెమరీ చాలక లైనక్స్ కెర్నల్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపుతుంది. ఎక్కువ మెమరీ ఆక్రమించినదే ముందుగా దాని కంట పడుతుంది కనుక, అది బహుశా మీ ముఖ్యమైన డేటాబేస్ మెషీనే అవుతుంది. ఒక కాగితం తీసుకుని, కాలేజీకి తప్పనిసరి మెషీన్లు ఏవో, ఒక వారం ఆగినా నష్టం లేని ల్యాబ్ మెషీన్లు ఏవో ఇప్పుడే విడదీసి, మొదటి జాబితా 105 జీబీ లోపు ఉండేలా చూడండి.

డిస్కుల సంగతి కూడా చెప్పాలి. మెషీన్ల డిస్కులు ఏ సర్వర్‌వి ఆ సర్వర్‌లోనే ఉంటే, పడిపోయిన సర్వర్ మీది మెషీన్లను రెండోది మొదలుపెట్టడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. రెండు సర్వర్లలోనూ ఒకే పేరుతో జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ ఉంటే ప్రాక్స్‌మాక్స్ లోని రెప్లికేషన్ వాడవచ్చు. అది మామూలుగా 15 నిమిషాలకు ఒకసారి మార్పులను అవతలికి పంపుతుంది, ఒక నిమిషం వరకు తగ్గించుకోవచ్చు. చివరి ప్రతి తరువాత నమోదైనవి పోతాయన్న సంగతిని ఫీజుల విభాగానికి ముందే చెప్పి ఒప్పించండి.

ప్రశ్న: మా సంస్థలో మూడు నోడ్ల ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్ ఉంది, స్టోరేజీ కూడా వాటిలోనే సెఫ్ (నోడ్లన్నిటి డిస్కులనూ కలిపి డేటా ప్రతులను పంచి ఉంచే సాఫ్ట్‌వేర్) రూపంలో ఉంది. 400 రోజులకు పైగా ఒక్క నోడ్ కూడా రీబూట్ కాలేదు. అప్‌డేట్లు చేయాలని ఉన్నా, రీబూట్ చేస్తే తిరిగి లేవదేమోనన్న భయంతో వాయిదా వేస్తున్నాము. సరైన పద్ధతి ఏమిటి? — ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ భయం సరైనదే, అయితే ఆ భయం వల్లనే రీబూట్ చేయాలి. తిరిగి లేస్తుందో లేదో తెలియని హోస్ట్ ఈ రోజు మీ చేతిలో ఉంది, కరెంటు పోయిన రోజున మీ చేతిలో ఉండదు.

నేను కొన్నేళ్ల క్రితం చూసిన ఒక సంఘటన చెబుతాను. ఒక ఆసుపత్రిలో మూడేళ్లుగా ఆగని హోస్ట్ ఒకటి ఉండేది. మే నెలలో ఒక రాత్రి యూపీఎస్ బ్యాటరీలు చేతులెత్తేసి అది ఆగిపోయింది. కరెంటు వచ్చాక తెర మీద ఒక హెచ్చరిక కనిపించి, ముందుకు వెళ్లడానికి ఎఫ్1 నొక్కమని అడిగి అక్కడే నిలిచిపోయింది. జంటగా ఉన్న బూట్ డిస్కులలో ఒకటి ఎప్పుడో చనిపోయిందని అప్పుడు తెలిసింది. ఆ గదిలో కీబోర్డు లేదు, రిమోట్ కన్సోల్ (దూరం నుంచే సర్వర్ తెర చూసి మీటలు నొక్కే ఏర్పాటు) పాస్‌వర్డ్ రాసిపెట్టుకున్న ఉద్యోగి ఎప్పుడో మానేశాడు. ఒక్క మీట నొక్కడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ రిసెప్షన్‌లో రోగుల వివరాలను చేత్తో రాసుకున్నారు.

కాబట్టి మొదటి పని, మూడు సర్వర్లలోనూ రిమోట్ కన్సోల్, అది డెల్ వారి ఐడ్రాక్ అయినా హెచ్‌పీ వారి ఐఎల్ఓ అయినా, మీ పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటున్నదో లేదో చూడడం. ఆ తరువాత బ్యాకప్‌లు సరిగా ఉన్నాయనీ, సెఫ్ ఏ హెచ్చరికా లేకుండా ఆరోగ్యంగా ఉందనీ నిర్ధారించుకుని, ఒక్క నోడ్‌తో మొదలుపెట్టండి. సెఫ్‌లో నోఅవుట్ అనే గుర్తు పెట్టండి. లేకపోతే కాసేపు కనిపించని డిస్కులను శాశ్వతంగా పోయినవిగా భావించి, అది లేనిపోని డేటా తరలింపు మొదలుపెట్టవచ్చు. తరువాత ఆ నోడ్‌ను మెయింటెనెన్స్ మోడ్‌లో పెడితే హై అవైలబిలిటీలో ఉన్న మెషీన్లు వాటంతట అవే మిగతా నోడ్లకు వెళ్తాయి. అందులో లేనివి కదలవు, వాటిని మీరే మైగ్రేట్ చేయాలి, తిరిగి తెచ్చుకునే పని కూడా మీదే. ఈ తేడా గుర్తులేక, హోస్ట్ ఖాళీ అయిందనుకుని రీబూట్ నొక్కినవారిని చాలామందిని చూశాను.

లైవ్ మైగ్రేషన్‌కు ఎంత సమయం పడుతుందో ముందే లెక్క వేసుకోండి. మెషీన్ నడుస్తూ ఉండగానే దాని మెమరీని అవతలికి నకలు చేస్తారు. నకలు చేసేలోపు మారిన పేజీలను మళ్లీ పంపుతారు, మిగిలినవి కొద్దిగా అయ్యాక మెషీన్‌ను క్షణకాలం ఆపి అవతల కొనసాగిస్తారు. 64 జీబీ మెమరీ ఉన్న మెషీన్‌కు ఒక గిగాబిట్ కేబుల్ మీద సుమారు పది నిమిషాలు పడుతుంది, పది గిగాబిట్ కేబుల్ మీద ఒక నిమిషం సరిపోతుంది. రాతలు ఎక్కువగా ఉండే డేటాబేస్ మెషీన్ ఒక గిగాబిట్ కేబుల్ మీద ఎంతకీ పూర్తి కాకపోవచ్చు, ఎందుకంటే మనం పంపే వేగం కన్నా అది మెమరీని మార్చే వేగం ఎక్కువ. ఇంతకన్నా ప్రమాదకరమైన సంగతి ఇంకొకటి ఉంది. కోరోసింక్ సందేశాలు కూడా అదే కేబుల్ మీద వెళుతూ ఉంటే, మైగ్రేషన్ రద్దీలో అవి ఆలస్యమై, బతికున్న నోడ్లు ఒకదాన్నొకటి చనిపోయిందనుకుంటాయి. ఆ సందేశాలకు కావలసిన వెడల్పు చాలా తక్కువ, కానీ ఐదు మిల్లీసెకన్ల లోపు చేరాలి. కాబట్టి వాటి కోసం ఒక మామూలు ఒక గిగాబిట్ పోర్టును విడిగా కేటాయించండి. సర్వర్‌లో వాడకుండా మిగిలిపోయిన పోర్టు ఒకటి దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

నోడ్ రీబూట్ అయ్యి తిరిగి వచ్చాక వెంటనే రెండోదానికి వెళ్లకండి. సెఫ్‌లో మూడు ప్రతులు ఉంచుతూ, కనీసం రెండు అందుబాటులో ఉంటేనే రాతలు అనుమతించడం సాధారణ ఏర్పాటు. మొదటి నోడ్ డిస్కులు తాము లేనప్పటి మార్పులను అందుకునేలోపు రెండో నోడ్‌ను ఆపితే, కొంత డేటాకు ఒక్క ప్రతే మిగిలి, క్లస్టర్ మీది మెషీన్లన్నీ ఉన్నచోటనే స్తంభించిపోతాయి. అన్ని ప్లేస్‌మెంట్ గ్రూపులూ (సెఫ్ తన డేటాను విభజించుకునే భాగాలు) శుభ్రంగా ఉన్నట్లు కనిపించేదాకా ఆగండి, అవసరమైతే రెండో నోడ్‌ను మరునాటికి వాయిదా వేయండి. మూడూ పూర్తయ్యాక నోఅవుట్ గుర్తు తీసివేయడం మరచిపోకండి.

ప్రశ్న: పాత క్లస్టర్‌లో కొత్త ప్రాసెసర్ ఉన్న సర్వర్‌ను చేర్చాము. పాత సర్వర్ నుంచి కొత్తదానికి మెషీన్లు బాగానే వెళ్తున్నాయి, కొత్త సర్వర్ మీద మొదలుపెట్టిన వాటిని పాతదానికి పంపితే ఆగిపోతున్నాయి. — ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మెషీన్ సీపీయూ రకంగా ‘హోస్ట్’ అని ఎంచుకుని ఉంటారు. అలా ఎంచుకుంటే కొత్త ప్రాసెసర్‌కు తెలిసిన ఆదేశాలన్నీ మెషీన్‌కు కనబడతాయి. ఆ ఆదేశాలు పాత ప్రాసెసర్‌కు తెలియవు కనుక అక్కడికి వెళ్లాక మెషీన్ కుప్పకూలుతుంది. అన్ని నోడ్లకూ ఉమ్మడిగా ఉన్న రకాన్ని ఎంచుకోండి. ప్రాక్స్‌మాక్స్ 8 నుంచి వెబ్ తెరలో కొత్త మెషీన్‌కు ముందుగా కనిపించే ఎక్స్86-64-వీ2-ఏఈఎస్ రకం చాలా సర్వర్లకు సరిపోతుంది. ఈ మార్పు అమలు కావాలంటే మెషీన్‌ను లోపలి నుంచి రీస్టార్ట్ చేస్తే చాలదు, పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేయాలి. వీఎంవేర్ (మరో వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్) వాడేవారికి ఇదే పనిని క్లస్టర్ మొత్తానికి ఒకేసారి చేసే ఏర్పాటును ఈవీసీ అంటారు.

ప్రశ్న: మేము వీఎంవేర్ వారి వీస్ఫియర్ వాడుతున్నాము. ఒక హోస్ట్‌ను మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టమంటే గంటలు గడిచినా ముందుకు సాగడం లేదు. బలవంతంగా ఆపివేయవచ్చా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: దయచేసి ఆపివేయకండి. ఆ హోస్ట్ మీద ఇంకా నడుస్తున్న మెషీన్ ఒకటి కదలడానికి వీలులేక ఉంది కనుకనే అది ఎదురుచూస్తోంది. మెయింటెనెన్స్ మోడ్ మెషీన్లను తానుగా తరలించదు, ఆ పని మెషీన్లను హోస్టుల మధ్య సర్దే డీఆర్ఎస్ అనే సేవ చేస్తుంది. మీ లైసెన్స్‌లో డీఆర్ఎస్ లేకపోయినా, ఉండి కూడా పూర్తి ఆటోమేటిక్‌లో లేకపోయినా, మెషీన్లను మీరే వీమోషన్‌తో (వీఎంవేర్ లైవ్ మైగ్రేషన్‌తో) పంపాలి. అది కూడా సరిగానే ఉంటే, మిగిలిపోయిన మెషీన్‌కు హోస్ట్ సొంత సీడీ డ్రైవ్ తగిలించి ఉందేమో, నేరుగా కేటాయించిన కార్డు ఏదైనా ఉందేమో, దాని డిస్క్ ఆ హోస్ట్ లోపలి డేటాస్టోర్‌లో ఉందేమో, ఫలానా మెషీన్ ఫలానా హోస్ట్ మీదే ఉండాలన్న నియమం ఎవరైనా రాశారేమో వరుసగా చూడండి. మీరు ఉత్తరంలో ఈఎస్ఎక్స్ఐ 7 (హోస్ట్ మీద నడిచే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) అని రాశారు. దానికి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 2తో ముగిసింది. అప్‌గ్రేడ్ కోసం ప్రతి హోస్ట్‌నూ ఖాళీ చేయక తప్పదు కనుక, ఈ అడ్డంకిని ఇప్పుడే పూర్తిగా తొలగించుకోవడం మీకు మేలు.

ప్రశ్న: ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్ నుంచి పాత నోడ్‌ను శాశ్వతంగా తీసివేయాలి. దాన్ని ఆపి తొలగించాలా, తొలగించి ఆపాలా? — ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఆపి తొలగించాలి, ఈ వరుస మారకూడదు. ముందు మెషీన్లన్నిటినీ తరలించి, ఆ నోడ్‌కు వెళ్లే రెప్లికేషన్ పనులను తీసివేసి, సెఫ్ ఉంటే దాని డిస్కులను ఒక్కొక్కటిగా బయటకు తెచ్చి, డేటా మిగతా నోడ్లలో కుదురుకునేదాకా ఆగండి. మిగిలే నోడ్ల ఓట్ల లెక్క కూడా చూసుకోండి. మూడింటిలో ఒకటి తీసేస్తే మీరు మొదటి ప్రశ్నలోని కరీంనగర్ పాఠకుని స్థితికి వస్తారు కనుక, క్యూడివైస్‌కు వాడే కంప్యూటర్‌ను ముందే సిద్ధంగా ఉంచుకుని, తొలగింపు పూర్తయిన వెంటనే క్లస్టర్‌లో చేర్చండి. తరువాత నోడ్‌ను షట్‌డౌన్ చేసి, మరో నోడ్ నుంచి తొలగింపు ఆదేశం ఇవ్వండి. తొలగించిన నోడ్‌ను ఉన్నది ఉన్నట్లుగా మళ్లీ అదే నెట్‌వర్క్‌లో ఎప్పుడూ ఆన్ చేయకూడదు. తాను ఇంకా సభ్యుడినేనని నమ్ముతూ వచ్చే ఆ నోడ్ క్లస్టర్‌ను అస్తవ్యస్తం చేయగలదు. అందుకే నెట్‌వర్క్ కేబుళ్లను అప్పుడే ఊడదీసి, మళ్లీ వాడదలచుకుంటే మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయండి.

ర్యాక్ దగ్గరకు వెళ్లే ముందు ఒక చిన్న పని చేయండి. రిమోట్ కన్సోల్‌లో సర్వర్‌ను గుర్తుపట్టడానికి ముందువైపు, వెనుకవైపు దీపాన్ని వెలిగించే ఏర్పాటు ఉంటుంది. వెనుకవైపు నుంచి చూస్తే ఒకే రకం సర్వర్లన్నీ ఒకేలా కనిపిస్తాయి, ముందువైపు అంటించిన పేర్లు అక్కడ ఉండవు. ఆ దీపం వెలుగుతున్న సర్వర్ కేబుల్ మీద మాత్రమే చేయి వేయండి.